చౌక వాకీటాకీలు కొన్న ఏడాది

ప్లాస్టిక్ గుండు ఒంటికి తగిలితే కందిరీగ కుట్టినట్టు ఉంటుందని ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాళ్లు కొత్తవాళ్లకు చెబుతుంటారు. అది సగమే నిజం. కందిరీగకు మన మీద పగ ఉండదు. కొట్టినవాడు మనకు బాగా తెలిసినవాడై, ముప్పై అడుగుల దూరంలో పళ్లు ఇకిలిస్తూ నిలబడితే ఆ మంట వేరు. నేను తిన్న దెబ్బలన్నీ నాకు గుర్తున్నాయి. మెడ మీద రెండు, పిడికిలి మీద ఒకటి, పెదవి చిట్లినది ఒకటి. నేను కొట్టినవి మాత్రం ఒక్కటి తప్ప అన్నీ మరిచిపోయాను. ఆ ఒక్కటి మా బామ్మర్ది ఎడమ కంటికి తగిలింది.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అసలు తుపాకుల్లాగే కనిపించే బొమ్మ తుపాకులు. గాలి ఒత్తిడితో ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు దూసుకుపోతాయి. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. గుండు తగిలినవాడు చెయ్యెత్తి బయటికి వెళ్లిపోవాలి. దళసరి కళ్లద్దాలు లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు, లోపలికి వెళ్లాక వాటిని తియ్యకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా పెద్ద నియమం. మేము ఆడింది బాగేపల్లి తాలూకాలో గూళూరు అవతల మూతపడిన రాతి క్వారీలో. మాలో ఒకరి పెదనాన్నది. పనులు ఆగిపోయాక అక్కడ మిగిలినవి తాటి చెట్టంత లోతు గుంటలు, రాళ్ల గుట్టలు, అడుగున పచ్చటి నీళ్లు. ఒక గుంటలో ఉన్నవాడు పక్క గుంటలో ఉన్నవాడికి కనపడడు.

నాది చింతామణిలో బోరు మోటార్ల దుకాణం. మా తాత రోజుల నుంచి వ్యాపారమే. నా వయసు నలభై, నా కోపం వయసు కూడా అంతే. బేరానికి వచ్చిన రైతు మీద స్టార్టర్ పెట్టె విసిరినవాణ్ణి. దారికి అడ్డంగా బండి పెట్టాడని ఒకాయన అద్దం పగలగొట్టి, ఆ సాయంత్రమే కొత్తది కొనిచ్చినవాణ్ణి. మా దుకాణంలో సరుకు తిరిగి ఇవ్వడానికి వచ్చేవాళ్లు ముందు మా నాన్న ఉన్నాడో లేదో తొంగి చూసి లోపలికి వచ్చేవారు. రెండు వారాలకు ఒక ఆదివారం క్వారీకి వెళ్లి ఎవరినైనా నాలుగు దెబ్బలు కొట్టి వస్తే, ఆ తర్వాత వారం రోజులు నేను మనిషిలా ఉండేవాణ్ణి. ఇది మా ఆవిడకు తెలుసు. అందుకే అంత వయసొచ్చి ఈ బొమ్మ తుపాకులేమిటని ఒక్క రోజు కూడా అనలేదు.

మా బామ్మర్దిది బాగేపల్లి. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. సొంత గూడ్సు బండి ఉండేది. సాదలి చుట్టుపక్కల ఊళ్లలో పట్టుగూళ్లు ఎత్తుకుని తెల్లారేసరికి మార్కెట్టుకు చేర్చేవాడు. బండి నడపడమే వాడి బతుకు. క్వారీలో అవతలి జట్టుకు వాడే నాయకుడు, ఇవతలి జట్టుకు నేను. బావను ఆటపట్టించే హక్కు బామ్మర్దికి పుట్టుకతో వస్తుంది. వాడు ఆ హక్కులో ఒక్క వీసం కూడా వదులుకోలేదు. పదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లు వాడే గెలిచేవాడు. ఓడిన ప్రతిసారీ నేను తుపాకీ బాగాలేదనో, ఎండ కళ్లల్లో కొట్టిందనో అనేవాణ్ణి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండాది బావా నీ కత" అనేవాడు, అందరి ముందూ.

ఇక మాకు అంపైరు ఒకాయన ఉండేవాడు. ఆయనది కైవార పక్కన ఒక ఊరు. తరతరాలుగా గుడిలో వంతుల వారీగా అర్చన చేసే కుటుంబం. ఆయన మాత్రం సర్వే ఆఫీసులో పని చేసేవాడు. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. మేమంతా స్వామీ అని పిలిచేవాళ్లం. ఆయన తుపాకీ పట్టడు. క్వారీ కొలతలు తీసి, హద్దులకు సున్నం గీతలు గీసి, పై గట్టు మీద నిలబడి ఎవరు బయటో ఎవరు లోపలో చెప్పేవాడు. ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. నేను కూడా.

మొదట్లో విజిల్‌తో పని నడిచింది. కళ్లద్దాల మీద ఆవిరి పట్టినా, కాలు బెణికినా కేక వెయ్యాలి. ఆయన విజిల్ ఊదుతాడు, అందరూ తుపాకులు దించుతారు. కానీ క్వారీలో గాలి ఎక్కువ. కేక ఒక గుంటలో పుట్టి అక్కడే చచ్చేది. ఒకసారి ఇలాగే విజిల్ వినపడక మాలో మందుల దుకాణం నడిపే ఆయనకు మోకాలి మీద మూడు గుండ్లు తగిలాయి. ఆయన వచ్చి కొట్టినవాడి చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరినీ విడదీసేసరికి ఒకడి పన్ను కదిలింది. ఆ రోజే వాకీటాకీలు కొనాలని తీర్మానించాం. సరుకు కొనడం నాకు తెలిసిన పని కాబట్టి నేను కొంటానన్నాను.

పది రోజులు ఫోన్‌లో అవే చూశాను. అందరికీ అందుబాటులో ఉండాలి, పిండి కొద్దీ రొట్టె. బాగా దూరం పోయేవి చౌకగానే దొరుకుతున్నాయి కానీ వాటికి లైసెన్సు కావాలి. పోలీసుల వైర్‌లెస్ మాటల్లోకి దూరి లేనిపోని చిక్కు తెచ్చుకుంటామని స్వామి వద్దన్నాడు. లైసెన్సు అక్కరలేని చిన్న రకం అర మైలు పోతుంది, మాకు అది చాలు. బ్యాటరీ బయటికి తీసి మార్చుకునేలా ఉండాలి, చార్జింగు మామూలు ఫోన్ వైరుతో అవ్వాలి, కింద పడితే మూత ఊడకూడదు. ఇంతవరకు నేను ఎంచింది ఎవరూ తప్పు పట్టలేరు.

హెడ్‌సెట్ల దగ్గర వచ్చింది గొడవ. వాకీటాకీలో మాట ఒకసారికి ఒకవైపే పోతుంది. మనం మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడి మాట మనకు రాదు. అందుకే ఛాతీ మీద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే మాట్లాడటం, వదిలితే వినడం. బటన్ ఉన్న హెడ్‌సెట్లు కొంచెం ఖరీదు. బటన్ లేని రకం ఒకటుంది. నోరు తెరవగానే అదే తెలుసుకుని మాటను పంపిస్తుంది, నోరు మూస్తే వింటుంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే వీధిలో ఇద్దరం ఒక దుకాణంలో నిలబడి ఉన్నాం, నేనూ బామ్మర్దీ. బటన్ లేనివి దుకాణం అతను సగం ధరకే ఇస్తానన్నాడు.

"బావా, బటన్ ఉండేవే తీసుకో. నోరు తెరిస్తే తనంతట తానే పోయేది మనకొద్దు. మనోళ్లు నోరు మూసుకోని ఉండే రకమా?" అన్నాడు వాడు.

"తుపాకీ పట్టుకున్న చెయ్యి తీసి బటన్ నొక్కుతూ కూర్చుంటావా? వైరు తెగేది కూడా ఆ బటన్ దగ్గరే. ఇరవై ఏళ్లుగా స్విచ్చులు అమ్ముతాండా, నాకు చెప్తావా?" అన్నాను.

"నువ్వు అమ్మేది బోరు మోటార్లకు బావా. నోళ్లకు కాదు" అన్నాడు. దుకాణం అతను కూడా నవ్వాడు. ఆ నవ్వుతో నా బేరం ఖాయమైంది. బటన్ లేనివే పన్నెండు కొన్నాను, ఆటగాళ్లకు పది, స్వామికి రెండు. స్వామికి ఒక్కో జట్టుకు ఒక్కో వాకీటాకీ, నడుముకు అటొకటి ఇటొకటి, కుడిచెవికి మాది, ఎడమచెవికి వాళ్లది. ఎంత చిన్న మాటకు హెడ్‌సెట్ మేలుకోవాలో ఒకటి నుంచి తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. పొంచి ఉన్నప్పుడు గుసగుసలాడతాం కదా అని నేను ఇంట్లో కూర్చుని పన్నెండింటికీ తొమ్మిదే పెట్టాను.

"ఏమప్పా, నేనేమీ నొక్కేది లేదు కదా?" అని స్వామి అడిగాడు, మొదటి రోజు తగిలించుకుంటూ.

"లేదు స్వామీ. మీరు నోరు కదిపితే చాలు, అదే పోతాది" అన్నాను.

అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఆ రోజు తెలిసింది. ఆట మొదలైన పావుగంటకు అందరి చెవుల్లోనూ సన్నగా స్తోత్రం వినిపించసాగింది. గట్టు మీద నిలబడి, కింద మేము ఒకరినొకరు కాల్చుకోవడం చూస్తూ, ఆయన పెదవులు కదిపీ కదపకుండా రక్షణ స్తోత్రం చదువుకుంటున్నాడు. మాకెవరికీ దెబ్బ తగలకూడదని. విజిల్ రోజుల్లోనూ చదివేవాడట. అప్పుడు గాలికి తప్ప ఎవరికీ వినపడలేదు, ఇప్పుడు నేను కొన్న హెడ్‌సెట్లు దాన్ని పది చెవులకు మోస్తున్నాయి. ఆయన చదువుతున్నంతసేపూ మా మాట ఆయనకు చేరదు.

అందరికీ తెలిసింది. ఒక్కడూ చెప్పలేదు. ఇక్కడ మా పుట్టుక గురించి చెప్పాలి. మాలో సగం మంది దుకాణాల ఇళ్లవాళ్లం. పొద్దున దుకాణం తెరిచి పెద్దవాళ్లు దీపం పెట్టి చదువుతుంటే, ఎంత తొందర కొనుగోలుదారుడైనా మెట్టు కిందే ఆగుతాడు. హారతి అయ్యాకే ధర అడుగుతాడు. చదివే మనిషిని మధ్యలో ఆపితే ఆపినవాడికే కీడని మా అమ్మలు మాకు అన్నంతోపాటు తినిపించారు. పైగా ఆయన మా కోసమే చదువుతున్నాడు. దాన్ని ఆపమని ఏ ముఖంతో అడుగుతాం? ఇద్దరు ముగ్గురికైతే అది వింటూ ఆడటం బాగుంది కూడా. ఆట చివర మందుల దుకాణం ఆయన, "సుమ్మనే ఉండండప్పా, ఏమీ అనొద్దు, మంచిదే కదా" అన్నాడు.

బామ్మర్ది ఒక్కడే నన్ను పక్కకు పిలిచాడు. "ఆయప్పకు చెప్పొద్దు బావా, నొచ్చుకుంటాడు. ఆయప్ప దాంట్లో ఆ తొమ్మిదిని తగ్గించు. రెండుకు పెట్టు. అంతే, ఒక నిమిషం పని."

నిజంగా ఒక నిమిషం పని. నేను చెయ్యలేదు. తగ్గిస్తే నేను ఎంచింది తప్పని వాడి ముందు ఒప్పుకున్నట్టే. "చూద్దాంలే" అన్నాను. ఆ తర్వాత ఇంకో మూడు ఆదివారాలు అదే తొమ్మిదితో ఆడాం. రెండుసార్లు ఎవరో ఆపమని అడిగితే ఆయనకు వినపడక ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఎండలు ముదిరిన నెలలో అత్తగారింట్లో ఒక పేరు పెట్టే కార్యం జరిగింది. భోజనాలయ్యాక చాప మీద అందరూ కూర్చుని ఉండగా బామ్మర్ది లేచి, మంచినీళ్ల గ్లాసు చెవికి ఆనించుకుని నన్ను అనుకరించాడు. బెంగళూరు దుకాణంలో నేను ఎలా గుడ్లురిమి బేరం చేశానో, క్వారీలో చెవి పట్టుకుని స్తోత్రం వింటూ శత్రువును ఎలా వెతుకుతానో చూపించాడు. మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామగారికి పొలమారింది. మా ఆవిడ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను కూడా నవ్వాను. నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నోటి మీద ఒక్కటి తగిలించాలి అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను. తర్వాతి ఆదివారానికి మధ్యలో నాలుగు రోజులు ఉన్నాయి. నాలుగు రోజులూ అదే అనుకున్నాను.

ఆదివారం పదకొండు గంటలకే రాళ్లు చేత్తో ముట్టుకోలేనంత కాలుతున్నాయి. నా జట్టు గురించి నాకు పట్టలేదు. నాకు కావలసింది వాడొక్కడే. నీళ్ల గుంట వైపు వాడు జారుకోవడం చూసి, రాళ్ల గుట్ట వెనకగా మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. మోచేతులు చెక్కుకుపోయాయి. చెవిలో స్తోత్రం నడుస్తూనే ఉంది. గుట్ట చివర తల ఎత్తి చూస్తే, ముప్పై అడుగుల దూరంలో, కింద గుంట అంచున వాడు నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత తెలిసింది ఇది. వాడి కళ్లద్దాలకు లోపల తెల్లగా ఆవిరి పట్టేసింది. అడుగు ఎక్కడ వెయ్యాలో కనపడటం లేదు, వెనక నలభై అడుగుల గుంట. "స్వామీ, ఆట ఆపండి, అద్దాలు తీస్తాండా" అని మూడుసార్లు చెప్పాడు. ఆ మూడుసార్లూ స్వామి మమ్మల్ని కాపాడమని వేడుకుంటున్నాడు. ఇక లాభం లేదని వాడు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చొక్కా కాలరుతో కళ్లు తుడుచుకున్నాడు.

చూడలేదని రాయాలని ఉంది. చూశాను. వాడి ముఖం మీద ఏమీ లేదు. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. చూసి, ఎడమ అరచెయ్యి పైకెత్తాడు, ఆగమని. చూడటానికీ మీట నొక్కడానికీ మధ్య ఒక ఊపిరి తీసేంత సమయం ఉంది. ఆ ఊపిరి నేను తీసి, వదిలి, నొక్కాను. నోటికి గురి పెట్టాను. నవ్వించిన ఆ నోటికి. అంత దూరంలో బొమ్మ తుపాకీ గురి నాలుగంగుళాలు పైకి పోతుందని నాకు తెలుసు. అది కూడా తెలుసు.

వాడు అరవలేదు. ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టినట్టు నేల మీద కూర్చున్నాడు. నేను రాళ్ల మీదుగా జారుతూ వెళ్లి వాడి చెయ్యి తీసి చూశాను. నల్లగుడ్డు ముందు రక్తం కింది నుంచి నిండుతోంది. రెప్ప వణుకుతోంది. "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటున్నాను. నా చెవిలో స్తోత్రం ఆగలేదు. అది విని నాకు ఒళ్లు మరిచిపోయే కోపం వచ్చింది. నేను చేసింది ఇంకెవరో చేసి ఉండాలి కదా, ఆ ఇంకెవరో దొరికాడు.

గట్టు ఎక్కి ఆయన చెవి నుంచి హెడ్‌సెట్ లాగేశాను. కొక్కెం తగులుకుని చెవి తమ్మె చీలింది. చెంప మీద కొట్టాను. కంకర మీద పడ్డాడు. పడ్డవాణ్ణి డొక్కలో తన్నాను, రెండుసార్లు. నన్ను ఆపడానికి నలుగురు వచ్చారు. యాభై ఏళ్లు దాటిన మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచక, "ఎవరికప్పా? ఎవరికి తగిలింది? యాడ తగిలింది?" అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పాక లేచి, నన్ను దాటుకుని, నెత్తురు కారుతున్న చెవితో గుంట వైపు పరుగెత్తాడు.

కారులో బామ్మర్ది తల నా ఒడిలో ఉంది. బాగేపల్లి దాటాక, "అక్కకు ఇప్పుడే ఫోన్ చేయొద్దు బావా" అన్నాడు. చిక్కబళ్లాపురం చేరాం. అక్కడి కంటి డాక్టరు టార్చి వేసి చూసి, కట్టు కట్టి, వెంటనే బెంగళూరు తీసుకుపొమ్మన్నాడు. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఎలా తగిలిందని డాక్టర్లు అడిగిన ప్రతిసారీ, "ఆటలో తగిలింది, ఎవరి తప్పూ లేదు" అని వాడే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. చివరికి ఆ కంటికి మిగిలింది వెలుతురు, ముఖం ముందు చెయ్యి ఊపితే ఒక నీడ. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా అని పరామర్శకు వచ్చిన ఒక పెద్దాయన అంటే, ఆయన్ని వరండా మెట్ల దాకా తోసుకుంటూ వెళ్లాను. బామ్మర్ది మీద బావకు ఎంత ప్రేమో అని అందరూ అనుకున్నారు.

గూడ్సు బండి లైసెన్సు ఒంటి కన్నుతో మళ్లీ ఇవ్వరు. బండి అమ్మేశాడు. తెల్లారుజామున రోడ్లు తిరిగిన మనిషి ఇప్పుడు గూళ్ల మార్కెట్టులో మూటలు దింపించే పని చూస్తున్నాడు.

మా జట్టువాళ్లు ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు. ముందే చెప్పి ఉండాల్సిందని ఒకడన్నాడు, విజిల్ ఉంచుకోవాల్సిందని ఒకడు. హెడ్‌సెట్లు కొన్నది నేనే, తొమ్మిదికి పెట్టింది నేనే, తప్పు నాది అని నేను అన్నాను. అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాచుకున్నాను. దుకాణంలో పుట్టినవాడికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. నువ్వు వాణ్ణి చూశావా అని ఒక్కరూ అడగలేదు.

తప్పంతా స్వామి నెత్తికెత్తుకున్నాడు. ప్రతి ఆదివారం కైవార నుంచి బస్సులో బాగేపల్లి వచ్చేవాడు. బామ్మర్ది కంట్లో చుక్కల మందు వేసేవాడు, కాసేపు కూర్చుని వెళ్లేవాడు. నోరు విప్పి మాట్లాడటం బాగా తగ్గించేశాడు. ఆరో నెలలో ఒకరోజు నేను వెళ్లేసరికి వాకిట్లోనే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

"నీ ఇంటి బిడ్డ కన్ను తీసినానప్పా. ఆ పొద్దు నువ్వు కొట్టింది తక్కువే. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

చీలిన చెవి తమ్మె అతుక్కుని ముడిపడి ఉంది. నేను ఆ చేతులు పట్టుకుని, "పోనీలేండి స్వామీ. మీరు కావాలని చేసింది కాదు కదా" అన్నాను. అంటే, ఆయన్ని నేను క్షమించాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. చచ్చినా పోదు.

ఆయన బస్సెక్కి వెళ్లాక బామ్మర్ది పక్కన కూర్చుని చెప్పేశాను. కళ్లద్దాలు లేవని చూశాను, చూసే కొట్టాను అని.

వాడు నా వైపు తిరగలేదు. "తెలుసు బావా" అన్నాడు. "అప్పుడు నాకు రెండు కండ్లూ ఉండె కదా."

మళ్లీ వాడే అన్నాడు. "అక్కకు చెప్పొద్దు. దాని కాపురం అది చేసుకోనీ. నాకు నువ్వు చెప్పేది ఏమీ లేదు. పోయి ఆయప్పకు చెప్పు. ఎప్పుడు చెప్తావా అని ఆరు నెలల నుంచీ చూస్తాండా."

మరుసటి పొద్దున కైవార వెళ్లాను. స్వామి వరండాలో కూర్చుని ఏదో పొలం నకాషా, సర్వే పటం, చూస్తున్నాడు. "రాప్పా, కాఫీ తాగుదువు" అన్నాడు. నేను గడప ఇవతలే నిలబడి, ఒక్క గుక్కలో చెప్పాను. మీ స్తోత్రం వల్ల కాదు, హెడ్‌సెట్ల వల్ల కాదు, నేను చూసి కొట్టాను అని.

ఆయన నకాషాను మెల్లగా మడిచాడు. "ఎంత దూరం?" అని అడిగాడు.

"ముప్పై అడుగులు ఉంటాది స్వామీ."

"ఎండ ఎవరి వెనక ఉండె?"

"నా వెనక."

"అయితే బాగా కనిపించి ఉంటాది."

"బాగా కనిపించింది."

ఆయన కొడతాడని అనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను. తర్వాత మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. మామూలుగా ఆఫీసులో లెక్క చెప్పే గొంతు.

"మా అమ్మ పోయిన నెల పోయింది, నీకు తెలుసు కదా. మూడు దినాలు ఎగశ్వాస. మా నాయన పోయేటప్పుడు చెవిలో స్తోత్రం చెప్పింది నేనే. తనకూ చెప్పమని అమ్మ చేత్తో చూపిస్తా ఉండె. ఈ నోటితో చదివితే ఒక బిడ్డ కన్ను పోయింది, మళ్లీ చదవనని నేను మొక్కుకోని ఉంటి. చెప్పలేదు. నా నోటి వంక చూస్తానే పోయింది."

"కొట్టండి స్వామీ" అన్నాను. మళ్లీ అన్నాను.

ఆయన లేచాడు. చెయ్యి ఎత్తలేదు. నకాషా తీసుకుని లోపలికి తిరిగాడు. వంటింట్లోంచి ఆయన భార్య, ఎవరో వచ్చినట్టుండారే, కాఫీ కలపనా అని అడిగింది.

"ఎవరూ రాలేదు" అన్నాడు ఆయన, తల తిప్పి నన్ను చూస్తూనే.